దుర్మార్గుడు కావాలి

మా నాన్న దుర్మార్గుడు. ఇది నేనన్న మాట కాదు, అచ్చులో వచ్చిన మాట. పక్కన బొమ్మ కూడా వేశారు. ఆ పుస్తకం మా వీధిలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఉండేది. రాసింది మా టీచరమ్మ. మొన్న ఆవిడ జ్ఞాపకార్థం బడిలో సభ పెట్టి, తెలిసినవాళ్ళు నాలుగు మాటలు చెప్పండి అన్నారు. ఎవరెవరో లేచి ఆవిడ ఎంత గొప్ప రచయిత్రో, ఎంత ఓర్పు గల మనిషో చెప్పారు. ఓర్పట! ఆవిడకి ఓర్పుంటే నాకు కొమ్ములున్నాయి. నా వంతు వచ్చేసరికి టీ వచ్చేసింది, జనం లేచిపోయారు. అందుకని ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తున్నాను.

నాన్న దర్జీ. బడి గేటుకి సరిగ్గా ఎదురుగా మా కొట్టు. ముందు గదిలో రెండు మిషన్లు, గోడకి నిలువుటద్దం, మూల ఇస్త్రీపెట్టె, కత్తిరించే బల్ల కింద మూటలు మూటలుగా గుడ్డపీలికలు. వెనక గదిలో మేం ముగ్గురం. నాన్న మీసం చూస్తే రెండు బుగ్గల మీద రెండు ఉడతలు పడుకున్నట్టుండేది. దాని పైన సోడాబుడ్డి కళ్ళద్దాలు, వాటి వెనక కోడిగుడ్లంత కళ్ళు. చూడ్డానికి అంత భయంకరంగా ఉండే మనిషి నోట్లో నాలుక లేనివాడు. నాన్న గట్టిగా అరిస్తే పక్కనున్న పిల్లి కూడా నిద్ర లేచేది కాదు.

టీచరమ్మ మూడో తరగతి చెప్పేది. సన్నగా, పొడుగ్గా, జడలో ఎప్పుడూ సుద్దపొడితో ఉండేది. పొద్దున్నే గేటు దగ్గర బెత్తం పట్టుకుని నిలబడి, యూనిఫాం లేని పిల్లల్ని వెనక్కి పంపే పని హెడ్మాస్టరు ఆవిడకి అంటగట్టాడు. ఆ బెత్తం ఎవరి ఒంటి మీదా పడగా నేను చూడలేదు కానీ, అది గాల్లో ఒకసారి ఆడిందంటే పిల్లల గుండెలు జారేవి. అలా వెనక్కి పంపిన పిల్లలు ఇంటికి పోయేవాళ్ళా? లేదు. తిన్నగా రోడ్డు దాటి మా కొట్లోకి వచ్చేవాళ్ళు. నాన్న సగం కుట్టినవి నాలుగైదు ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవాడు. జేబు ఒక నీలం, కాలరు ఇంకో నీలం, వీపు మరో నీలం. గబగబా మిషను తొక్కి, తలలో నుంచి తొడిగి, "పరిగెత్తమ్మా, గంట కొట్టేస్తారు" అనేవాడు. ఆ రంగురంగుల నీలం చొక్కాని చూసి టీచరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, చూడనట్టే గేటు తెరిచేది. వాళ్ళిద్దరి మధ్యా ఏదో ఒప్పందం ఉండేదని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇక ఆవిడ పుస్తకాలు. సెలవు దొరికితే చాలు, ఒక సంచీ, చిరుగుల గొడుగు పట్టుకుని బస్సెక్కేది. ఎక్కడెక్కడి చిన్న ఊళ్ళకో పోయి ముసలివాళ్ళ పక్కన కూర్చునేది. పడవ నడిపినవాళ్ళు, గొర్రెలు కాసినవాళ్ళు, దొంగల్ని తరిమినవాళ్ళు, జనం నోళ్ళలో మిగిలిపోయిన వీరులందరి కథలూ విని వచ్చేది. ఇంతమంది వీరుల్ని నెత్తిన పెట్టుకున్న మనిషి బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కేది! క్లాసులో బొద్దింక కనబడితే ఆవిడ పైన, మేం కింద. నేనే చెప్పు తీసి దాని పని పట్టేదాన్ని. అప్పుడే నాకు గుండుసూది అని పేరు పెట్టింది. పొట్టిదైనా గుచ్చుకుంటుందట.

ఆవిడకో నియమం ఉండేది. ఏ కథైనా ఒకరికొకరు తెలియని మూడు నోళ్ళలో వింటేనే కలం పట్టేది. "ఒక నోట్లో ఉంటే కబురు, రెండు నోళ్ళలో ఉంటే పుకారు, మూడు నోళ్ళలో ఉంటే కథ" అనేది. విన్నదానికి సొంతంగా ఒక్క ముక్క కలపదు, ఒక్క ముక్క తీయదు. వీరుడు చచ్చిపోతే చచ్చిపోవాల్సిందే. మేం ముక్కులు చీదుకుంటూ ఏడ్చి, "బతికించండి టీచర్" అని బతిమాలినా సరే, "బతికించడానికి నేనెవర్నే? ఆ కథ నాదా?" అని పుస్తకం మూసేసేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

బొమ్మలు వేసేది పెయింటరు మావయ్య. అంటే నాకు నిజంగా మావయ్య కాదు, కొట్లకి బోర్డులు రాసేవాడు, నాన్నని బావా అనేవాడు. చెయ్యి బంగారం. కాకపోతే ఎదురుగా మనిషి కూర్చోకపోతే ముక్కు ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు. "చూడకుండా గీయడం నా వల్ల కాదు తల్లీ" అనేవాడు. అందుకని ఆవిడ వీరులందరికీ మా వీధివాళ్ళ మొహాలే ఉండేవి. పడవవాడికి రొట్టెల కొట్టాయన మొహం, గొర్రెల కాపరి పిల్లకి మందులషాపు కూతురి మొహం. వీరుడిగా కూర్చోమంటే అందరూ తలలు దువ్వుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు తూము దొర కథ రాసింది. వానల్లేని ఏడు ఒక దొర చెరువు తూముకి తాళం వేసి, ఆ తాళంచెవి మెడలో వేలాడేసుకుని తిరిగాడట. ఒక కూలివాడు ఆ దొరని పడగొట్టి, తాళం బద్దలుకొట్టి, పొలాలకి నీళ్ళు వదిలి, ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయాడట. కూలివాడిగా పోస్టుమాను కూర్చున్నాడు. మరి దొర? అక్కడొచ్చింది చిక్కు. పాలాయన "మా అత్తారు చూస్తే ఏమనుకుంటారండీ" అన్నాడు. మందులషాపాయన ఒంట్లో బాగోలేదన్నాడు, మందులు అమ్ముకునేవాడికి అదేం రోగమో! హెడ్మాస్టరు మొహం అతికినట్టు సరిపోయేది కానీ అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. టీచరమ్మ వారం పాటు "దుర్మార్గుడు కావాలి, దుర్మార్గుడు కావాలి" అంటూ వీధంతా తిరిగింది.

చివరికి గొడుగు కుట్టించుకోవడానికి మా కొట్టుకొచ్చి, బల్ల మీద కూలబడి, "ఈ వీధిలో అందరూ మంచివాళ్ళేనండీ, ఏం చేయాలో తోచడం లేదు" అంది.

నాన్న మిషను ఆపాడు. "నేను కూర్చుంటా లెండి టీచరమ్మా."

"మీరా? పిల్లలు మిమ్మల్ని…"

"ఫరవాలేదండీ. ఎవరో ఒకరు దుర్మార్గుడు కాకపోతే వీరుడికి పనేం ఉంటుంది?"

కొలతల టేపుకి పాత తాళంచెవి కట్టి మెడలో వేసి, నాన్నని స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎంత చెప్పినా నవ్వు ఆగదే! పెయింటరు మావయ్య విసిగిపోయి, "బావా, సూది వేల్లో దిగినప్పుడు ఎలా ఉంటావు? ఆ మొహం పెట్టు" అన్నాడు. నాన్న పెట్టాడు. నేను కూడా భయపడి అమ్మ వెనక్కి పోయాను.

పుస్తకం వచ్చింది. నాన్న తన బొమ్మున్న పేజీ తెరిచి, అద్దం పక్కన మేకుకి తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాడు. ఆ మురిపెం బడి తెరిచేదాకానే. కొత్త గౌను కోసం ఒక తల్లి తన పిల్లని తీసుకొచ్చింది. నాన్న టేపు పట్టుకుని మెడ చుట్టూ వేయబోయాడో లేదో, ఆ పిల్ల పెట్టిన కేకకి రోడ్డు మీద సైకిళ్ళు ఆగాయి.

"తూము దొర! అమ్మా, తూము దొర నా మెడకి తాడేస్తున్నాడు!"

అంతే. ఒక్కో పిల్లా ఒక్కో పిల్లాడూ మా కొట్టు ముందుకొస్తే అవతలి పక్క నుంచి నడవడం మొదలుపెట్టారు. తల్లిదండ్రులు, "ఏం చేస్తామండీ, వీడు రానంటున్నాడు" అని నొచ్చుకుంటూనే చౌరస్తాలో ఉన్న దర్జీ దగ్గరికి పోయారు. అది కూడా ఓర్చుకోవచ్చు. గేటు దగ్గర వెనక్కి పంపిన పిల్లలు ఉన్నారే, వాళ్ళు మా కొట్టుకి రాలేక, బళ్ళోకి పోలేక, రోడ్డు మధ్యలో నిలబడి ఏడ్చేవాళ్ళు. నాన్న సగం కుట్టిన చొక్కా చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వస్తే, ఇంకా గట్టిగా ఏడ్చి పారిపోయేవాళ్ళు. నాన్న ఆ చొక్కాని మడతపెట్టి మళ్ళీ బల్ల మీద పెట్టేవాడు. ఎవరినైనా నాలుగు తిట్టినా నాకు బాగుండేది.

అమ్మ మాత్రం ఊరుకుంటుందా? "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఊరంతా వద్దన్నది మీరెందుకు నెత్తికెత్తుకోవాలి చెప్పండి? పోస్టుమాను చూడండి, లేని మీసం మెలేసుకుంటూ తిరుగుతున్నాడు. వాడు ఉత్తరం ఇస్తే పిల్లలు చప్పట్లు కొడుతున్నారు! ఎదురుగాలి వస్తే సైకిలు దిగి నడిపించుకుపోయే మనిషి వాడు!"

టీచరమ్మ క్లాసులో చెప్పి చూసింది. "అది ఉత్త బొమ్మర్రా. దర్జీ మావయ్య మొహం చూసి గీశారు, అంతే. ఆయన మంచివాడు" అంది. ముందు బెంచీలో ఒక పిల్ల లేచి, "కథ నిజమన్నారు కద టీచర్? బొమ్మ అబద్ధమైతే కథ కూడా అబద్ధమేనా? పోస్టుమాను కూడా ఉత్తదేనా?" అని అడిగింది. టీచరమ్మ దగ్గర జవాబు లేకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే, నాన్న నిలువుటద్దం ముందు మొహమంతా నురగ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో మంగలికత్తి.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"మీసం తీసేస్తే పిల్లలు వస్తారేమోనమ్మా."

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. కాళ్ళకి చెప్పుల్లేకుండా రోడ్డు దాటి గేటు దగ్గరికి పరిగెత్తాను. "మీ వల్లే! మీ వల్లే మా నాన్న మీసం పోతోంది! మీ కథ కూడా వద్దు, మీరూ వద్దు!" అని అందరి ముందూ అరిచాను. ఇంకొకరైతే చెవి మెలిపెట్టేవాళ్ళు. ఆవిడ బెత్తం గేటుకి ఆనించి, గేటు అలాగే వదిలేసి, నా కన్నా ముందు రోడ్డు దాటింది. ఆ రోజు ఎంతమంది యూనిఫాం లేకుండా లోపలికి పోయారో ఎవరికీ తెలియదు.

"ఆగండి!" అని కొట్టు బయటి నుంచే అరిచింది. నాన్న నురగ మొహంతో వెనక్కి తిరిగాడు. "తప్పు నాది. ఇంకో పది రోజులు ఓపిక పట్టండి, పిల్లలకి నేను నచ్చచెప్తాను. ఆయన దొర కాదురా అని ఇంటింటికీ పోయి చెప్తాను."

నాన్న కత్తి కింద పెట్టాడు. "అలా చెప్పకండి టీచరమ్మా. కథ అబద్ధమైపోతుంది. నేను దొరని కాదని చెప్పకండి. దొర ఓడిపోయాడని చూపించండి, చాలు."

ఆ మధ్యాహ్నం మూడో తరగతి తలుపు దభాలున తెరుచుకుంది. మెడలో తాళంచెవితో నాన్న! "తూముకి తాళం వేశాను! ఎవడ్రా తీసేది?" అని గర్జించాడు. గర్జన అంటే అదేం గర్జన, నూనె వేయని మిషను మోగినట్టుంది. అయినా క్లాసంతా బిగుసుకుపోయింది. గౌను కొలతలప్పుడు కేక పెట్టిన పిల్ల ఉందే, అది వణుకుతూనే లేచి, బల్ల మీది డస్టరు తీసి విసిరింది. అది నాన్న భుజానికి తగిలి సుద్దపొడి లేచింది. నాన్న "అయ్యో, చచ్చాను!" అని గోడ పట్టుకుని, బెంచీ పట్టుకుని, అంచెలంచెలుగా కిందికి జారి పడ్డాడు. ఇంక చూడండి! క్లాసంతా మీద పడి ఆయన టేపుతోనే ఆయన్ని కట్టేసి, తాళంచెవి లాక్కుని, కిటికీలోంచి నీళ్ళు వదిలేసినట్టు గంతులు. నాన్న మళ్ళీ లేచాడు, మళ్ళీ చచ్చాడు. టీచరమ్మ బొద్దింక లేకపోయినా కుర్చీ ఎక్కి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది.

మర్నాటి నుంచి మా కొట్టు ముందు తిరనాళ్ళే. దొర చచ్చిపోతే తప్ప ఒక్క పిల్ల కూడా కొలతలివ్వదు. తలుపు దగ్గర నిలబడి వేలు చూపించి "ఠాప్" అంటే నాన్న గుండె పట్టుకుని బల్ల మీద వాలిపోవాలి. తర్వాత లేచి, "ఏదీ తల్లీ, చేతులు చాచు" అని టేపు తీయాలి. అమ్మ తల కొట్టుకునేది. "బట్టలు కుట్టేది తక్కువ, చచ్చేది ఎక్కువ అయిపోయింది ఈ మనిషికి" అనేది. కానీ కూర నాలుగు ముద్దలు ఎక్కువే వడ్డించేది.

అందరూ సంతోషంగా ఉన్నారు, నేను తప్ప. ఆవిడ గొడుగుకి గుడ్డముక్క వేయించుకోవడానికి వచ్చినప్పుడు మొహం కందగడ్డలా చేసుకుని అడిగేశాను. "మా నాన్న వీరుడెప్పుడవుతాడు? పోస్టుమాను అయ్యాడుగా!"

ఆవిడ నవ్వలేదు. "దర్జీ వీరుడి కథ దొరకనీ. మూడు నోళ్ళలో వినపడనీ. రాస్తాను, మీ నాన్న మొహమే పెట్టిస్తాను. మాట" అని సుద్దపొడి చెయ్యి చాచింది. నేను ఆ చేతిలో చెయ్యి వేశాను.

అప్పటి నుంచి ఆవిడ బస్సు దిగడం చూస్తే చాలు, ఎదురెళ్ళి నిలబడేదాన్ని. "దొరికాడా?"

"లేదే గుండుసూదీ. కమ్మరి దొరికాడు, బెస్త దొరికాడు. దర్జీ లేడు."

"అదేంటి టీచర్? మీ వీరులందరూ బట్టలు వేసుకునే తిరిగారుగా! ఎవరు కుట్టారట?"

ఆ మాటకి ఆవిడ రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. "అడుగుతానే, ఈసారి అదే అడుగుతాను" అంది. అడిగింది కూడా. ఏ ఊళ్ళోనూ ఎవరికీ తెలియలేదట.

నేను మూడో తరగతి దాటాను, బడి దాటాను, కొట్లో రెండో మిషను మీద కూర్చున్నాను. పక్కవీధిలోనే పెళ్ళయింది, కూతురు పుట్టింది, అయినా పొద్దున లేస్తే నా మిషను నాదే. టీచరమ్మ రిటైరయింది. గేటు దగ్గర ఇంకెవరో నిలబడుతున్నారు. ఆవిడ మాత్రం కర్ర చేతిలో లేకపోతే నిలవలేనట్టు గొడుగు ఊపుకుంటూ వీధిలో తిరిగేది. మా ఇద్దరి మధ్యా ఆ "దొరికాడా" మాత్రం పోలేదు.

ఒకరోజు ఇక ఆగలేక అన్నాను. "ఎక్కడెక్కడో ఎందుకండీ? మా నాన్న కథే రాయండి. నేను చెప్తాను, కూర్చుని వినండి."

"నువ్వు చెల్లవే. కూతురివి. కాకిపిల్ల కాకికి ముద్దు."

"పోనీ మీరు కళ్ళారా చూశారుగా!"

"నేను చూసింది కథ కాదు. పది మందీ చెప్పుకునేది కథ."

ఎంత మొండిదో చూశారా? నాకు ఒళ్ళు మండిపోయింది. కొన్ని నెలలు ఆవిడతో మాట మానేశాను. ఆవిడ బట్టలు కుట్టినవి నా కూతురి చేత పంపించేదాన్ని. నాన్న అప్పటికి ముసలివాడైపోతున్నాడు. మోకాళ్ళు పట్టేసి కింద పడలేకపోయేవాడు. పిల్లలు "ఠాప్" అంటే స్టూలు మీద కూర్చునే తల వాల్చేసేవాడు. వీరుడిగా తన బొమ్మ చూసుకునేదాకా ఉంటాడా? నా బాధంతా అదే.

మాట మానేసిన నన్ను ఆవిడే పిలిపించింది. వెళ్ళి గుమ్మంలోనే నిలబడ్డాను.

"దర్జీ ఒకడున్నాడే" అంది.

గుమ్మం దాటి లోపలికి వచ్చేశాను.

"బస్సులో కూరగాయల మనిషి తన పిల్లకి చెప్తుంటే విన్నాను. తర్వాత కళ్ళాసుపత్రి బెంచీ మీద ఒక ముసలాయన చెప్పాడు. ఎక్కడివాళ్ళో ఏమో, ఒకరికొకరు తెలియదు. కథ మాత్రం ఒకటే. కానీ రెండే నోళ్ళు."

"ఏంటా కథ? చెప్పండి!"

"చెప్పను. చెప్తే నువ్వు పోయి ఊరంతా చాటి, సాయంత్రానికల్లా మూడో నోరు తయారుచేసి తెస్తావు."

ఎంత తెలిసిన మనిషి! సరిగ్గా అదే చేసేదాన్ని.

ఆ తర్వాత వానలు మొదలయ్యాక, ఆవిడ గొడుగు పట్టుకుని కొట్టుకొచ్చింది. నేను మిషను మీద ఉన్నాను. నాన్న ఆవిణ్ణి చూడగానే చిన్నపిల్లాడిలా లేచాడు.

"టీచరమ్మా! మీకోసమే చూస్తున్నాను. మీరు ఎన్నాళ్ళ నుంచో దర్జీ వీరుడు కావాలని వెతుకుతున్నారుగా? దొరికాడండీ! నిన్న కొలతలకి ఒక పాప వచ్చింది, కొత్తగా దిగినవాళ్ళ పిల్ల. వాళ్ళమ్మమ్మ చెప్పిందట."

"చెప్పండి" అంది టీచరమ్మ. గొడుగు మూయడం కూడా మర్చిపోయి అలాగే నిలబడింది.

"ఒక బడి ఉండేదటండీ. ఆ బడి గుమ్మంలో కర్ర దొరసాని అని ఒకావిడ. మంచి బట్ట లేని పిల్లని లోపలికి రానివ్వదు. ఎదురుగా ఒక దర్జీ. ఊరందరి గుడ్డపీలికలూ ఏరి, వెనక్కి వచ్చిన ప్రతి పిల్లకీ చొక్కా కుట్టి పంపేవాడట. దొరసానికి కోపం వచ్చి, ఎవడ్రా ఇది చేసింది అని కర్రతో ఒక్కటేసిందట. దర్జీ చచ్చిపోయాడు. పిల్లలు ఏడ్చారు. ఏడుపు విని మళ్ళీ లేచి కూర్చుని, సూదిలో దారం ఎక్కించాడట! మళ్ళీ కొట్టింది, మళ్ళీ లేచాడు. చివరికి ఆ కర్ర విరిగిపోయింది కానీ దర్జీ మాత్రం చావలేదట. ఇప్పటికీ ఎక్కడో కుడుతూనే ఉన్నాడట." నాన్న కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఏం మనిషండీ! వింటుంటే ఒళ్ళు పులకరించింది."

"ఎవరంటారు ఆ దర్జీ?" అని అడిగింది టీచరమ్మ మెల్లగా.

"ఎవరో పాతకాలం వాడు లెండి. అలాంటివాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?"

నేను నోరు తెరిచాను. ఆవిడ గొడుగు ముడిచి, దాని మొన నా పాదం మీద దించింది. నోరు మూసుకున్నాను. వెతకబోయిన తీగ కాలికి తగలడం అంటే ఇదే కాబోలు, నా కాలికి మాత్రం గట్టిగానే తగిలింది.

రోడ్డు మీదికి వచ్చాక నిలదీశాను. "కూతురు చెల్లనప్పుడు, తన కథ తనే చెప్పుకున్నవాడు ఎలా చెల్లుతాడండీ?"

"నీకు తెలుసు. ఆయనకి తెలియదు. తెలియకుండా చెప్పిన నోటి కంటే మంచి నోరు ఎక్కడుంటుందే?" అంది. "ఇద్దరికీ ఒకే కథలో చోటు దొరికింది" అని మాత్రం అని, గొడుగు చేతిలో ఉన్నా తెరవకుండా వానలో తడుస్తూ పోయింది.

పెయింటరు మావయ్యకి అప్పటికి చెయ్యి వణుకుతోంది. అయినా వచ్చి, ఏ బొమ్మకో చెప్పకుండా నాన్న ఎదురుగా అట్ట పెట్టుకుని కూర్చున్నాడు. నాన్న అలవాటు ప్రకారం సూది వేల్లో దిగిన మొహం పెట్టాడు. "వద్దు బావా. కాసేపు నీ పని నువ్వు చేసుకో, నా చెయ్యి సాగాలి" అన్నాడు మావయ్య. నాన్న సరేనని సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాడు. అదే బొమ్మ.

పుస్తకం వచ్చిన రోజు టీచరమ్మ నా కూతురి భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ మా కొట్టెక్కింది. పుస్తకం నాన్న ఒళ్ళో పెట్టింది. నాన్న అట్ట చూశాడు. మీసం చూశాడు. అద్దంలోకి చూసుకుని మళ్ళీ అట్ట చూశాడు.

"ఇది నా మొహంలా ఉందే?"

"నీదే నాన్నా" అన్నాను.

వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివాడు. గుడ్డపీలికల దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది. బల్ల కింద మూటల వైపు చూశాడు, రోడ్డు అవతల గేటు వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి. మీసం మీద నీళ్ళు జారాయి. ఇన్నేళ్ళు నేను ఎదురుచూసింది ఆ ఒక్క క్షణం కోసం. ఇప్పుడేమంటాడా అని చూస్తున్నాను. మా నాన్న ఏమన్నాడో తెలుసా?

"మరి ఈసారి దుర్మార్గుడిగా ఎవరు కూర్చున్నారు టీచరమ్మా? పాపం, ఆ మనిషి దగ్గరికి పిల్లలు వస్తున్నారా?"

"పేజీ తిప్పండి" అంది ఆవిడ.

తిప్పాడు. బడి గేటు. గేటు ముందు సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలతో ఒక మనిషి. చేతిలో బెత్తం. జడలో సుద్దపొడితో సహా దింపేశాడు పెయింటరు మావయ్య. మొహం మాత్రం సూది వేల్లో దిగిన మొహం.

"అయ్యయ్యో, మీరా? మీరెందుకు కూర్చున్నారండీ!" అన్నాడు నాన్న.

"ఎవరో ఒకరు దుర్మార్గులు కాకపోతే వీరుడికి పనేం ఉంటుంది?" అంది టీచరమ్మ.

నాన్న లేచి, ఆవిడ చేతిలో గొడుగు తీసుకుని, ఊడిన చోట వెతికి వెతికి కుట్టడం మొదలుపెట్టాడు. ఈలోపు కొలతల కోసం వచ్చిన ఒక చిన్నపిల్ల, బల్ల మీది బొమ్మనీ ఎదురుగా కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూసి, "కర్ర దొరసాని!" అని వాళ్ళమ్మ వెనక్కి దూరింది. నాన్న ఆ పిల్ల వైపు వంగి రహస్యంగా, "భయపడకు తల్లీ. వేలు చూపించి ఠాప్ అను" అన్నాడు. ఆ పిల్ల వేలు చూపించింది. టీచరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, చచ్చాను!" అని కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఒక్క కన్ను తెరిచి చూసింది. పిల్ల పకపకా నవ్వింది. అంతే, ఆవిడ ఇల్లు కూడా తిరనాళ్ళైపోయింది. బడి వదలగానే పిల్లలు ఆవిడ గుమ్మంలో వరస కట్టేవాళ్ళు, దొరసానిని చంపడానికి.

నాన్న పోయిన రెండేళ్ళకి ఆవిడ కూడా పోయింది. ఆ పొద్దున పెద్దవాళ్ళమందరం, కుర్చీలోనే వాలిపోయిన ఆవిడ చుట్టూ ఏడుస్తుంటే, పిల్లలు మాత్రం గుమ్మంలో గుంపుగా నిలబడి, ఏడవకుండా, ఆవిడ కన్ను తెరుస్తుందేమోనని చూస్తున్నారు. ఎంత చెప్పినా కదలరు. నేను కూడా వాళ్ళతో పాటు నిలబడి చూశాను.